కిరాయికిచ్చిన సర్టిఫికెట్

గోదావరిఖనిల మహెజబీన్ సర్టిఫికెట్‌కు కొలువున్నది, మహెజబీన్‌కు లేదు. ఏం చెప్పాలె! నాలుగేండ్లు కష్టపడి బీఫార్మసీ పాసై వస్తే మెడికల్ షాపోళ్లు ఏమన్నరు? "నువ్వెందుకు చెల్లె, నీ కాగితమిస్తే చాలు, షాపుకు లైసెన్సు వస్తది" అన్నరు. పొద్దంత నిలబడితె ఇచ్చే జీతం ఆటోలకే సాలదాయె. కాగితమిచ్చి ఇంట్ల కూసుంటే నెలనెలా కిరాయి వస్తది. మొగడు లారీల మెకానిక్కు, ఇద్దరు పిల్లలు బడికి పోతున్నరు. ఇచ్చింది. తప్పని తెలువక కాదు, తెలిసే ఇచ్చింది. అయినా ఈ ఊర్ల ఆమె ఒక్కతే ఇచ్చిందా?

అట్ల ఆరేండ్లు గడిచినయి. కాగితం కిరాయికి తీసుకున్న రఘుపతి మెడికల్ షాపుల గోడకు ఆమె పేరు, ప్రతి బిల్లు మీద ఆమె పేరు. గోలీలిచ్చేది మాత్రం రఘుపతి. పదో తరగతి దాంక చదివిండు, చెయ్యి మాత్రం మస్తు చురుకు. తనిఖీకి సారు వస్తున్నడని ఫోనొస్తే మహెజబీన్ తెల్లకోటు ఏసుకొని జల్ది పోయి కుర్చీల కూసుంటది. సారు పోయినంక ఇంటికొచ్చి వంట చేసుకుంటది.

మొన్నటి ఎండకాలం గట్లనే పోయి కూసున్నది. సారు ఇంకా రాలె. అంతల ఎల్లేశం వచ్చిండు. బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు పనిచేసి దిగిపోయిన మనిషి. కొలువైతె అయిపోయింది గని నడుము నొప్పి ఆయనను ఇడ్వలె.

"నా నొప్పి గోలీలు ఇయ్యి బిడ్డా. రోజుకు మూడు ఏసుకోకుంటె మంచం దిగలేను."

"ఎన్నొద్దుల సంది, కాకా?"

"మూడేండ్లు గావట్టె."

మహెజబీన్ ఆయన కాళ్ల దిక్కు చూసింది. చెప్పుల పట్టీలు ఉబ్బిన కాళ్లల్ల దిగబడ్డయి. వంగి వేలితోని ఒత్తింది. సొట్ట పడ్డది, మళ్ల లేవలె. ఈ గోలీలు ఏండ్లకేండ్లు మింగితె కిడ్నీలు పోతయని కాలేజీల చదువుకున్నదే కదా.

"ఇవి బంద్ చెయ్యి కాకా. ఇయ్యాలనే దవాఖానకు పో."

రఘుపతి మొకం మాడ్చుకున్నడు. "ఏంది చెల్లె, నా గిరాకిని ఎళ్లగొడుతున్నవా? సారొచ్చి పోయేదాంక సప్పుడు జెయ్యక కూసో."

"రేపటి సంది రోజూ నేనే కూసుంట అన్నా. లేదంటె నా కాగితం నాకియ్యి."

"తీస్కపో. పొద్దుగూకేలోపు ఇసొంటియి పది వస్తయి నాకు."

మాట నిజమే. అందుకే ఆమెకు కోపం నషాళానికెక్కింది. కోటు ఇప్పి కుర్చీల పడేసి, ఎల్లేశంను రెక్కబట్టి ఆటో ఎక్కించింది. రఘుపతి ఎనుకనుంచి మొత్తుకుంటనే ఉన్నడు.

రక్తపరీక్ష రిపోర్టు సాయంత్రానికి వచ్చింది. రెండు కిడ్నీలు బాగా దెబ్బతిన్నయి, డయాలసిస్ తప్పేటట్టు లేదని డాక్టరమ్మ చెప్పింది. ఎల్లేశం మహెజబీన్ చెయ్యి గట్టిగ పట్టుకున్నడు.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా. ఇన్నేండ్లల్ల ఒక్కలు గిట్ల చెప్పలె."

డాక్టరమ్మకు మండింది. "చీటీ లేకుంట మూడేండ్లు ఎవరిచ్చిన్రు ఈ గోలీలు?"

ఎల్లేశం నోరు తెరిచేలోపే మహెజబీన్ జవాబిచ్చింది.

"నేనిచ్చిన మేడం. బిల్లులన్నీ నా పేరు మీదనే ఉన్నయి."

ముసలాయన ఆమె మొకం దిక్కు చూసిండు. మెల్లగ చెయ్యి ఇడిసిపెట్టిండు.