చెవికందిన చెయ్యి

నా చేతులు పొడుగని మా అవ్వ ఊరంతా చెప్పుకునేది. "మూడున్నరేండ్లకే చెవి అందుకున్నాడు మావోడు" అని. ఆ మాట అర్థం కావాలంటే, పెనుకొండ దగ్గర మా పల్లె బడిలో పిల్లల్ని ఎలా చేర్చుకునేవారో చెప్పాలి. పుట్టిన తేదీ కాగితాలు ఎవరి దగ్గరా ఉండేవి కావు. అయ్యవారు పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, కుడిచెయ్యి తల మీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవాడు. అందితే ఐదేళ్ళు నిండినట్టు. అందకపోతే మరుసటేడు రమ్మని పంపేవాడు. అందినవాళ్ళందరికీ జూన్ నెలలో ఒకటే తేదీ రాసేవాడు. మా తరగతిలో ముప్పై మందిమి ఒకే రోజు పుట్టాం.

నాకూ అందిందట. అమ్మా నాయనా అప్పుడు బెంగళూరులో కట్టడం పనిలో ఉండేవారు. అవ్వ రిజిస్టరులో వేలిముద్ర వేసి, నన్ను పలక ముందు కూర్చోబెట్టి, కలుపు తీయడానికి పోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను హిందూపురం కాలేజీలో చేరాను. ధర్మవరంలో రైల్వే ఉద్యోగం చేసే ఒకాయన, ఒకప్పుడు ఫుట్‌బాల్ బాగా ఆడినవాడు, హిందూపురం వచ్చి మా బోటివాళ్ళను పోగుచేసి ఫుట్సల్ నేర్పేవాడు. జట్టుకు ఐదుగురే. బంతి చిన్నది, బరువైనది, గట్టి నేల మీద ఆడాలి. అంత నేల మాకు ఎవరిస్తారు? పట్టుగూళ్ళ మార్కెట్టులో పొద్దుటి వేలం అయిపోయాక గచ్చు ఖాళీ అయ్యేది. వాచ్‌మన్‌ను బతిమాలుకుని అక్కడే ఆడేవాళ్ళం. నలిగిన గూళ్ళ కంపు, కాళ్ళకు చుట్టుకునే పట్టుపోగులు. కిందపడితే మోచేతి తోలు ఊడివచ్చేది. ఆ రెండేళ్ళంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

మొదటిరోజే కోచ్ నన్ను గోడకు ఆనించి నిలబెట్టాడు. "ఏమప్పా, చేతులు సాపు సూద్దాం" అన్నాడు. అవ్వ చెప్పిన కథ గర్వంగా చెప్పాను. ఆయన నవ్వి, "అయితే గోల్ కాడ నిలబడు. చెవి అందుకున్నోడివి, బంతి అందుకోలేవా?" అన్నాడు. నిజంగా నా చేతులు అంత పొడుగా కావా అని నేను కొలిచి చూసుకోలేదు. పొడుగనే నమ్మాను. నమ్మాను కాబట్టి ప్రతి బంతికీ ఎగిరాను.

బెంగళూరులో సెలెక్షన్లు జరిగాయి. నాలుగు దేశాల పోటీకి పందొమ్మిదేళ్ళలోపు భారత జట్టు. పన్నెండు మందిలో నా పేరు చదివారు. వయసు అడిగితే అవ్వ లెక్క ప్రకారం చెప్పాను, కాగితాలు అప్పుడు ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి చెబితే అమ్మ ఏడ్చింది, నాయన నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. అవ్వ మాత్రం, "చొక్కా మీద దేశం పేరు రాస్తారంటనే!" అని వీధిలోకి పోయింది.

పాస్‌పోర్టు కోసం కాగితాలన్నీ పట్టుకుని ధర్మవరం పోయాను. కోచ్ స్టేషన్ బయట టీ బంకు దగ్గర నా పదో తరగతి సర్టిఫికెట్టు తీసి చూశాడు. గ్లాసు కింద పెట్టి మళ్ళీ చూశాడు. "ఇదేందప్పా" అన్నాడు. ఆ కాగితం ప్రకారం నేను పోటీ వయసుకు ఏడు నెలలు ఎక్కువ. నిజానికి నేను ఇంకా దాదాపు ఏడాది లోపలే ఉన్నాను.

ఇంక తిరగడం మొదలైంది. మా పల్లె బడికి పోతే కొత్త హెడ్మాస్టరు పాత రిజిస్టరు దుమ్ము దులిపి తెరిచాడు. నా పేరు, జూన్ తేదీ, పక్కన అవ్వ వేలిముద్ర. "దీన్ని దిద్దితే నా ఉద్యోగం పోతాది నాయనా" అన్నాడు. మంచివాడే, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడు. మండలాఫీసులో, పుట్టినప్పుడు ఎక్కడా రాయించలేదు కాబట్టి ఏమీ లేదన్నారు. సాక్ష్యానికి అవ్వను తీసుకుపోయాను. "ఆ ఏడు పంట పెరికినాంక వాన పట్టుకునె, కళ్ళంలోనే శనక్కాయలు మొలకలెత్తె. ఆ వారమే వీడు పుట్టె" అని చెప్పింది. గుమాస్తా ఓపికగా విని, "అది యాడ రాయమంటావు పెద్దమ్మా?" అన్నాడు. అతను వెటకారం చేయలేదు. వెటకారం చేసి ఉంటే బాగుండేది, కొట్లాడటానికైనా ఒక మనిషి దొరికేవాడు.

జట్టులో నా పేరు కొట్టేశారు. నా బదులు తీసుకున్న కుర్రాడికి అప్పటికే గుబురు మీసం. నాకంటే రెండేళ్ళు పెద్ద అని వాడే నాతో అన్నాడు. వాడి కాగితాలు మాత్రం చక్కగా ఉన్నాయి. "వాళ్ళ అయ్యవారు తగ్గించి రాసినాడు, మీ అయ్యవారు పెంచి రాసినాడు. ఏం చేయల్ల సెప్పు" అన్నాడు కోచ్. నా చేతి తొడుగులు వాడికే ఇచ్చి వచ్చాను. పెద్ద మనసుతో కాదు. ఇంట్లో అవి కనిపిస్తే పిచ్చెక్కేటట్టుంది.

పోటీ మొదలైన రోజు ఇంట్లోనే ఉన్నాను. మనవాళ్ళ మొదటి ఆట మధ్యాహ్నం మూడు గంటలకు. అవ్వ చేట ముందు పెట్టుకుని శనక్కాయలు ఒలుస్తోంది. నేను ఆ పాత అయ్యవారిని తిట్టడం మొదలుపెట్టాను. చనిపోయిన మనిషిని అనకూడని మాటలన్నీ అన్నాను. మూడున్నరేళ్ళ పిల్లాడెవరో, ఐదేళ్ళ పిల్లాడెవరో తెలియదా, చెయ్యి పొడుగైతే వయసు పెరుగుతుందా అని.

అవ్వ ఒలవడం ఆపింది.

"ఆయప్పను తిట్టొద్దురా. ఆ పొద్దు నీ చెయ్యి అందలేదు."

నాకు అర్థం కాలేదు.

"ఆయప్ప రిజిస్టరు తీసేకి అట్ల తిరిగె. నేను నీ తల ఇట్ల వంచి, నీ వేళ్ళు చెవికి ఆనిచ్చి పట్టుకుంటి. ఏం చేయల్ల? నిన్ను గట్టు మీద పండబెట్టి కలుపు తీస్తాంటే, ముందు రోజే నీ పక్కన పాము పోయె. ఇంట్లో ఒక్కణ్ణే యిడిసి పోలేకుంటి. బడిలో అయితే నలుగురుంటారని."

ఊరంతా తిరిగిన నా పొడుగు చేతుల కథ అది. నేను నమ్మి గోల్ ముందు నిలబడిన కథ. కోపం వచ్చింది. ఆమె మీద చూపలేకపోయాను. ఇంకెవరి మీదా చూపడానికి మిగల్లేదు.

అవ్వ లేచి లోపలికి పోయింది. బయటికి వచ్చేసరికి పెళ్ళిళ్ళకు మాత్రమే కట్టే చీర కట్టుకుని ఉంది. చెప్పులు వేసుకుని, బొటనవేలు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

"పద. ఆ ఆపీసు యాడుండాదో సూపీ. తప్పు నాదని సెప్తా. ఆ పొద్దు వేసిన వేలిముద్ర నాదే కదా, మళ్ళా వేస్తా."

గోడ గడియారంలో మూడు దాటి పది నిమిషాలైంది.

"రేపు పోదాంలే అవ్వా" అన్నాను.

"రేపటికి ఆట ఉంటాదా?"

"ఉంటాది. కూచో."

అవ్వ చీర మార్చుకోలేదు, చెప్పులు విప్పలేదు. అలాగే చేట ముందు కూర్చుని మళ్ళీ కాయలు ఒలవసాగింది.