మేటు పేరు మీద

హిందీ మాట్లాడే ఉక్కు ఊరి పేట బారిడీహ్‌లో, అక్కడి తెలుగువాళ్లలో కూడా, సూర్యాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ అతను మేటే. స్టీలు కార్ఖానాలో మరమ్మతులు చేసే ఓ చిన్న కాంట్రాక్టరు దగ్గర గ్యాంగుకి పెద్ద. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. పైకెక్కి బోల్టు బిగించింది ఎవరైనా సరే, పని పూర్తయిందని చెప్పుకునేది మేటు పేరు మీదే. తేడా వస్తే తిట్లు తినేదీ మేటే. కాబట్టి ఇందులో అన్యాయమేమైనా ఉందా అని అతనికి ఎన్నడూ తోచలేదు. తోచేంత తీరిక కూడా లేదనుకోండి.

లాక్‌డౌన్‌లో పనులు ఆగిపోయి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, చూడలేక కోడలు తనూజ అతని ఫోనులో ఒక ఆట పెట్టింది. ఆర్ఎన్ఏ అని మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే సన్నని గొలుసు. దానికి నాలుగే రకాల పూసలు. ఎదురెదురు పూసలు జతలు కడతాయి, కొన్ని జతలు గట్టిగా పట్టుకుంటాయి, కొన్ని మెత్తగా. వాటిని ఏ వరసలో గుచ్చితే గొలుసు అడిగిన ఆకారంలోకి ముడుచుకుంటుందో కనిపెట్టడమే ఆట. ఉత్తుత్తి ఆట కాదు. బాగున్న వరసల్ని ఎక్కడో విదేశంలో శాస్త్రవేత్తలు నిజంగా తయారుచేసి, పరీక్షించి, మార్కులు పంపుతారు. ఫోను మావయ్యది కాబట్టి ఖాతా కూడా మావయ్య పేరునే తెరిచింది.

సూర్యానికి ఆ ఆట పిచ్చి పట్టింది. కాకపోతే అతను గుచ్చేవన్నీ గట్టిగా పట్టుకునే జతలే.

"గట్టిగా బిగిత్తే ఊడదమ్మా," అనేవాడు.

ఊడకపోవడం నిజమే గానీ, అవి పరీక్షలో కూడని చోటల్లా అతుక్కుని ఉండచుట్టుకుపోయేవి. తనూజ మధ్యాహ్నం గిన్నెలు కడుక్కుని వచ్చి కూర్చుని, వంపుల దగ్గర కొన్ని గట్టి జతలు తీసేసి మెత్తనివి పెట్టేది. ఒకసారి మహా కష్టమైన ఆకారం వచ్చింది. సూర్యం చేతులెత్తేశాడు. తనూజ పట్టు వదలకుండా కూర్చుని మొదటి పూస నుంచి చివరి పూస దాకా తనే గుచ్చింది. పరీక్షలో ఆ గొలుసు అచ్చం అడిగినట్టే ముడుచుకుంది.

కొన్నాళ్లకి మెయిల్ వచ్చింది. ఆ వరస మీద పరిశోధన పత్రం అచ్చవుతోందట. దాన్ని చేసినవాళ్ల పేరు కూడా వేస్తారట. ఇంగ్లీషు వ్యవహారమంతా తనూజదే. ఆమె చదివి చెప్పగానే సూర్యం పొంగిపోయి, "మన పేరే? రాసెయ్యి రాసెయ్యి," అన్నాడు. మన పేరంటే మేటు పేరేగా. తనూజ ఒక్క క్షణం ఆగి, ఆ పేరే రాసి పంపింది.

లాక్‌డౌన్ ఎత్తేసి పనులు మొదలయ్యాక పత్రం అచ్చయింది. తెలుగు సంఘం వాళ్లు సభ పెట్టి సూర్యానికి శాలువా కప్పారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ పత్రం చదివి వచ్చిన సంఘం కార్యదర్శి సీతారామరావు మాస్టారు మైకు చేతికిచ్చి, "వంపు దగ్గర మెత్తని జత ఎందుకు పెట్టావో మన పిల్లలకి చెప్పవయ్యా," అన్నారు.

తనూజ ఎందుకు పెట్టిందో సూర్యం ఎప్పుడూ అడగనే లేదు. ఆడవాళ్ల వైపు చూశాడు. తనూజ చప్పున తల దించేసుకుంది. తను చెబితే మావయ్య నలుగురిలో చిన్నబోతాడని.

"అనుబవం బాబూ," అన్నాడు చివరికి. జనం చప్పట్లు కొట్టారు. ఒక్కో చప్పట్టూ చెంప మీద పడ్డట్టే అనిపించింది. జీవితంలో అతను దొంగతనం చెయ్యలేదు. ఇవాళ ఇంతమంది ముందు నిలబడి చేశాడు, అదీ ఇంట్లో అన్నం పెట్టే పిల్ల దగ్గర.

మర్నాడు పనిలో గ్యాంగు కుర్రాడు పైడిబాబు, "సైంటిస్ట్ సాబ్ ఆగయే!" అంటూ, సైంటిస్టు దొరగారొచ్చారని అరిచాడు. గ్యాంగంతా నవ్వింది, ప్రేమగానే. సూర్యం ఎవరి మొహమూ చూడలేకపోయాడు. ఒంట్లో బాగోలేదని చెప్పి ముందే ఇంటికి వచ్చేశాడు.

తప్పు దిద్దుకోవాలంటే ఆ శాస్త్రవేత్తలకి రాయాలి. రాయాలంటే ఇంగ్లీషు తనూజదే. కోడలికి చేసిన తప్పుని కోడలి చేతే రాయించాలి. ఇంతకంటే తలవంపులు ఇంకేముంటాయి? అయినా పిలిచి ఫోను ఇచ్చాడు.

"అది నాను సేసింది కాదని రాయి. నా కోడలు సేసిందని రాయి. నా పేరు తీసీమని రాయి."

"రహ్నే దీజియే నా, మావయ్యా. వదిలెయ్యండి. అయిపోయింది కదా," అంది తనూజ.

"అవలేదమ్మా. రాయి."

ఆమె మెల్లగా టైపు చేసింది. కొసకి వచ్చి ఆగిపోయింది.

"ఏటి?" అన్నాడు సూర్యం.

"నా పేరు..." తలెత్తకుండా అంది. "నా పుట్టింటి పేరుతో రాసుకోనా మావయ్యా? మీకు పరవాలేదు అంటేనే."

సూర్యం కళ్లు తిప్పుకున్నాడు. ఇంత జరిగాక, తన పేరు తను రాసుకోవడానికి కూడా ఆ పిల్ల అతని అనుమతే అడుగుతోంది. అలా అడగడం ఆమెకి నేర్పింది ఈ ఇల్లే, ఈ ఇంటికి మేటు తనే.

"నన్నడక్కమ్మా," అన్నాడు. ఆమె ఏ పేరు రాస్తుందో చూడకుండా లేచి బయటికి నడిచాడు.