ఆడపడుచు బీరువా, కత్తెరమ్మ బల్ల

కత్తెరమ్మ అన్నది ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, వీధి పెట్టింది. చేతిలో కత్తెర ఆడినట్టే నోట్లో నాలుకా ఆడుతుందని పెట్టారు. ఎదురుపడితే మాత్రం, పనిని బట్టి అలా పిలుస్తున్నామని సర్దుకునేవారు. మొద్దు కత్తెర అనలేదు కదా అని ఆమె ఊరుకుంది.

చొక్కాలు, ప్యాంట్లు, చలికోట్లు కుట్టేది. కుట్టడం కిటికీ పక్కన మిషను మీద. కత్తిరించడం మాత్రం నేల మీద. గుడ్డ పరిచి, దాని చుట్టూ మోకాళ్ళ మీద పాకుతూ సుద్దతో గీతలు గీసి, అలా పాకుతూనే కత్తిరించేది. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఆ పాకుడు జుట్టు నెరిసేదాకా సాగింది. ఒకరోజు ఒక కోటు వీపు ముక్క తీసి లేవబోతే మనిషి లేచింది గానీ మోకాళ్ళు లేవలేదు. మొగుడు చంకల కింద చేతులు వేసి ఎత్తాడు.

డాక్టరు మోకాళ్ళు రెండూ నొక్కి చూసి, "ఇకమీదట నేల మీద కూర్చుని పని చెయ్యకండి. నిలబడి చేస్తారో, అసలు మానేస్తారో మీ ఇష్టం" అన్నాడు.

మానడమన్న మాట ఆమె చెవిన పడనట్టే ఇంటికొచ్చింది. పని మానేసి రోజంతా మొగుడి మొహం చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

బల్ల చేయించడం కష్టం కాలేదు. ఎవరిదో ఇల్లు పడగొట్టినప్పుడు దిగిన పాత తలుపు ఒకటి వడ్రంగి దగ్గర ఉంది. దానికి కాళ్ళు తగిలిస్తే కోటు గుడ్డ బారుగా పరుచుకోవచ్చు. కష్టమల్లా ఆ బల్లను పెట్టడం దగ్గరే.

వాళ్ళ ఇల్లంటే ముందొక గది, వెనక వంటగది. ముందుగదిలో మిషను, ఇస్త్రీకి ఒక చెక్క, ఆలుమగల మంచం ఉన్నాయి. అవి వాళ్ళవి. మిగిలినవన్నీ ఆడపడుచువి. మనిషి కంటే ఎత్తున్న ఇనప బీరువా, ముగ్గురు కూర్చునే సోఫా, నిలువుటద్దం బిగించిన బల్ల. ఆ ఆడపడుచు కత్తెరమ్మ మొగుడికి సొంత అక్క. చిన్న ఇంట్లోకి మారినప్పుడు, "పది రోజులు మీ దగ్గరుంచండి, మనిషిని పంపి తెప్పించుకుంటా" అని దింపించి వెళ్ళింది. ఆ పది రోజులు ఇంకా పూర్తి కాలేదు. ఈలోపల ఆవిడ పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి, ఆ పిల్లల పిల్లలు వచ్చి సోఫా మీద గెంతి స్ప్రింగులు కూడా విరగ్గొట్టి వెళ్ళారు.

"మీ అక్కగారికి కబురు పెట్టండి" అంది కత్తెరమ్మ.

మొగుడు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ఉద్యోగమంతా జనాన్ని లోపలికి సర్దినవాడికి చోటు లేదన్న మాట తలకెక్కదు. గుమ్మంలో నిలబడి గదిని ఆ చివరిదాకా చూశాడు.

"అక్కతో గొడవెందుకే? అన్నీ కాస్త వెనక్కి జరిపితే బల్ల పడుతుంది."

"వెనక గోడుందండీ."

"గోడ దాకా జరపొచ్చుగా."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు అతన్ని దులిపేసేది. కానీ ఆడపడుచుతో తలపడటం కంటే గోడతో తలపడటమే మేలనిపించింది. పైగా చిన్న గుడ్డలోంచి పెద్ద మనిషికి చొక్కా తీయగలదని ఆమెకు పేరు. గుడ్డలో తీసినదాన్ని గదిలో తీయలేనా అనుకుంది.

టేపు పట్టి గదిని కొలిచింది. అట్ట మీద గదిని చిన్నదిగా గీసింది. పాత పేపర్లలోంచి ఆ లెక్కనే బీరువా ముక్క, సోఫా ముక్క, అద్దం బల్ల ముక్క, మంచం ముక్క, కొత్త బల్ల ముక్క కత్తిరించింది. చేతుల ముక్క పక్కన కాలరు ముక్క ఇరికించినట్టు వాటిని అటూ ఇటూ తిప్పి అట్ట మీద పేర్చింది. సాయంత్రానికి అన్నీ అమిరాయి. మధ్యలో వేలు దూరే సందు కూడా లేదు.

"చూడండి, ఒక్క పేలిక మిగల్లేదు!"

"మా డిపోలో ఉండాల్సినదానివే నువ్వు" అన్నాడు మొగుడు మనస్ఫూర్తిగా.

మర్నాడు వడ్రంగి బల్ల తెచ్చాడు. మొగుడూ అతనూ కలిసి అట్ట మీద ఎలా ఉందో అలాగే సామానంతా జరిపారు. చివరికి బల్లను గదిలోకి తోశారు. అన్నీ గీత గీసినట్టు కూర్చున్నాయి. ఆమె గుమ్మంలోంచి చూసుకుని మురిసిపోతుంటే, బీరువా పక్కనుంచి వడ్రంగి గొంతు వినిపించింది.

"అంతా బాగానే ఉందమ్మా. ఇప్పుడు నేను బయటికెలా రావాలి?"

"బల్ల కింద నుంచి రావయ్యా. దానికి కాళ్ళు పెట్టింది నువ్వేగా."

అలా నవ్వుకున్నారు గానీ, నవ్వు ఆ పూటకే సరిపోయింది. బీరువా తలుపు జానెడు కంటే తెరుచుకోదు. మంచం ఎక్కాలంటే సోఫా ఎక్కి దిగాలి. దిగేటప్పుడల్లా మొగుడు "దిగేవాళ్ళను దిగనివ్వండి" అంటాడు, తోసేవాళ్ళెవరూ లేకపోయినా. బల్లకు ఒక్క పక్కనే నిలబడటానికి వీలుంది. గుడ్డ అవతలి కొస అందకపోతే గుడ్డనే ఇటు లాగాలి. లాగితే గీత కదులుతుంది. అలా లాగి లాగి పోస్టుమాను ప్యాంటు కత్తిరించింది. కుట్టాక తొడుక్కుని చూస్తే ఒక కాలు అతనితో నడుస్తోంది, ఇంకో కాలు పక్కింటికి తిరుగుతోంది.

పోస్టుమాను మంచివాడు. "పోనీలెండమ్మా" అన్నాడు. రెండో ప్యాంటు గుడ్డ మాత్రం సందు చివర టైలరుకు ఇచ్చాడు. సంచిలోంచి ఆ గుడ్డ అంచు బయటికి కనబడుతుండగా ఆమె గుమ్మం ముందునుంచే వెళ్ళాడు. గుడ్డ పాడుచేసిందన్న మాట పడటం ఆమె బతుకులో అదే మొదటిసారి.

ఆ రోజు పంతం కొద్దీ మళ్ళీ నేల మీదే కత్తిరిద్దామనుకుంది. మోకాళ్ళు ఏమైనా కానీ అనుకుంది. తీరా చూస్తే గుడ్డ పరుచుకోవడానికి నేల లేదు.

అట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంది. చూపుడువేలిని తననుకుని, బల్ల దగ్గర్నుంచి మిషను దగ్గరికి నడిపించింది. వేలు సోఫా మీద కాలు పెట్టింది. మిషను నుంచి ఇస్త్రీకి నడిపిస్తే మంచం ఎక్కింది. తప్పెక్కడ జరిగిందో అప్పటికి తెలిసింది. గుడ్డలో ముక్కకూ ముక్కకూ మధ్య మిగిలేది పేలిక, అది ఎంత తగ్గితే అంత మంచిది. గదిలో ముక్కకూ ముక్కకూ మధ్య ఉండాల్సింది తను. తనను తాను పేలికల్లో కలిపేసి పారేసింది.

ముక్కలన్నీ దులిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ముందు సామాను పేర్చలేదు, తన దినచర్యను పేర్చింది. గుమ్మంలో గుడ్డ అందుకుంటుంది, బల్ల మీద పరుస్తుంది, చుట్టూ తిరిగి కత్తిరిస్తుంది, కిటికీ దగ్గర కుడుతుంది, గోడ దగ్గర ఇస్త్రీ చేస్తుంది. తను నడిచే మేరకు కాగితం పట్టీలు కత్తిరించి ముందు వాటిని పరిచింది. బల్ల గది మధ్యకొచ్చింది. మంచం ఒక మూలకు సర్దుకుంది. ఆడపడుచు సామాను ముక్కలు మూడూ చేతిలోనే మిగిలిపోయాయి.

ఆ వారమే ఆడపడుచు కోటు గుడ్డ పట్టుకుని వచ్చింది. భారీ మనిషి. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేమిటే, గోడౌనులా?"

"పక్కకు తిరిగి రండి వదినగారూ, ఎదురుగా వస్తే పట్టరు."

ఎలాగో బీరువాకూ అద్దానికీ మధ్య నిలబెట్టి కత్తెరమ్మ టేపు తీసింది. "చేతులు చాపండి." ఆవిడ చాపింది. కుడి మోచెయ్యి ఠంగుమని ఇనుముకు తగిలింది.

"అబ్బా! ఈ దిక్కుమాలిన బీరువా ఎవరిదే నడిమధ్యలో?"

మంచం మీద మొగుడు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మీదే వదినగారూ."

ఆవిడ మోచెయ్యి రుద్దుకుంది. "మా ఇంట్లో చోటుంటే ఇక్కడెందుకు పెడతానే?"

"మా ఇంట్లో ఉందని ఎవరు చెప్పారు?"

"మా తమ్ముడే. ఎంతైనా పడుతుందక్కా, తెచ్చేయ్ అన్నాడు."

పేపరు ఇంకాస్త పైకి లేచింది.

"నిలబడి కత్తిరించలేకపోతే ఇక నాకు పని లేదండీ" అంది కత్తెరమ్మ. "పోస్టుమాను గుడ్డ పాడుచేశాను. మీ కోటూ ఈ బల్ల మీదే కత్తిరించాలి."

ఆడపడుచు గుడ్డను గుండెకు హత్తుకుంది. కానీ ఒక్క మాటకు లొంగే మనిషి కాదు. కళ్ళు గదంతా తిరిగి మంచం కింద ఆగాయి. కాలితో ఒక మూటను బయటికి లాగింది. వెనక ఇంకో మూట, దాని వెనక ఇంకొకటి.

"ఇవీ నావేనా?"

"కాదు. పేలికలు. నావి."

"ఎందుకు?"

"పనికొస్తాయి."

"ఎప్పుడొచ్చాయి?"

కత్తెర ఆడలేదు. వీధిలో ఎవరూ చూడలేదు గానీ, చూసినా నమ్మేవాళ్ళు కాదు.

"ముందు నీ మూటలు గుమ్మం దాటనీ" అంది ఆడపడుచు. "వెనకే నా బీరువా దాటుతుంది. నీ పేలికలకు మంచం కింద పడక, నా బీరువాకేమో వీధా?"

మాట న్యాయంగానే ఉంది. అందుకే ఎక్కువ మండింది. ఆ మధ్యాహ్నమే కత్తెరమ్మ మూటలు విప్పింది. ఏ ముక్క ఎవరి చొక్కాదో చూడగానే తెలిసిపోతోంది. ఆ చొక్కాలు తొడిగినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. జేబులకు పనికొచ్చే గుప్పెడు ముక్కలు తీసుకుని మిగతావి పరుపులు కుట్టేవాడికి ఇచ్చేసింది. వాడు మూటలు ఎత్తుకుపోతుంటే గుమ్మం దాకా వెళ్ళి చూసింది, అంతే.

మాట ప్రకారం ఆడపడుచు మర్నాడు పాత సామాన్లు కొనేవాణ్ణి పంపించి, వెనకే తనూ వచ్చింది. బీరువా తెరిస్తే లోపల చిమ్మెటలు తిన్న పరదాలు, ఏ తాళానివో ఎవరికీ గుర్తులేని తాళంచెవుల గుత్తి. ఆవిడ ఆ గుత్తిని కాసేపు చేతిలో తిప్పి సంచిలో వేసుకుంది. కొనేవాడు అద్దం బల్ల ఎత్తబోతుంటే ఆపింది.

"అద్దం ఊడదీసి గోడకు కొట్టించుకో. కోటు తొడుక్కుని ఎక్కడ చూసుకోను మరి?"

సోఫా పోయినందుకు బాధపడింది మొగుడొక్కడే. గుమ్మం పక్కన కత్తెరమ్మ అతనికి కుర్చీ వేసింది. "టికెట్టున్నవాడికి సీటు లేదు" అని గొణుగుతూ పేపరు విప్పాడు.

కత్తెరమ్మ బల్ల మీద కోటు గుడ్డ పరిచింది. చుట్టూ ఒకసారి నడిచింది. ఎక్కడా ఏదీ తగల్లేదు. అవతలి కొస అందకపోతే తనే అటు వెళ్ళింది. సుద్ద గీత కదల్లేదు. ఎన్నడూ ఒక దారం దండగ చెయ్యని మనిషి ఈసారి పక్క కుట్ల దగ్గర లోపలికి రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలింది.

"అంతెందుకే?" అన్నాడు కుర్చీలోంచి మొగుడు.

"మీ అక్కగారు ఇంకా లావెక్కుతారు" అని కత్తెర అందుకుంది.