స్లిక్ టైర్లూ చెల్లప్పన్ బొటనవేలూ

కాళ్ళు నొప్పెట్టినప్పుడు కూర్చోవడానికి పుదుచ్చేరిలో నాకు మూడు చోట్లున్నాయి. వాటిలో సముద్రం కనబడనిది ఒక్కటే, సారం అనే పేటలో చెల్లప్పన్ పాత టైర్ల అంగడి. లారీ టైరు మీద పలక వేసి ఉంటుంది. అడిగితే టీ దొరుకుతుంది, అడక్కపోతే మౌనం. తిరిగి తిరిగి అలిసినవాడికి రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

చెల్లప్పన్‌కి అరవై నాలుగేళ్ళు. వాళ్ళ పెద్దలు ఎన్ని తరాల కిందటో తెలుగు నేల నుంచి వచ్చి బాహూరు వైపు పొలాలు చేసుకున్నారు. ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళం. నేను రాసేది ఆయన చదవలేడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

పదిహేనో ఏట పొలం వదిలి పంచర్ల పనిలో చేరాడు. తరవాత సొంత అంగడి. ఆయన పేరు నిలబడింది కుడిచేతి బొటనవేలి మీద. పాత టైరు ఏది తెచ్చినా గోరు దింపి, వేలితో వత్తి, ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. “బతికుండాది” అంటే కొనేవాళ్ళు. “చచ్చింది” అంటే ఆ టైరు పడవల పక్కన వేలాడదీయడానికి జాలర్లకు పోయేది. రబ్బరు మొదట్లో చెట్టు పాలేనని, గంధకం కలిపి కాలిస్తేనే అది టైరవుతుందని, ఒకప్పుడు ఈ ఊరివాళ్ళు సముద్రం దాటి కొలువులకు వెళ్ళిన సైగాన్ చుట్టూ రబ్బరు తోటలే ఉండేవని ఒకసారి నేను పుస్తకాల్లో చదివినదంతా చెప్పబోయాను. “చెట్టు కత మనకేంటికి సామీ,” అన్నాడు. “ఇది చచ్చిందా, బతికిందా? అంతే.”

రెండేళ్ళ కిందట ఆ వేలు చచ్చింది. షుగరు. పొగలు కక్కే టీ గ్లాసును వేలితో అదిమి పట్టుకుని మాట్లాడుతున్నాడు. బొబ్బ లేచేదాకా ఆయనకు తెలియలేదు. నేను చూశానని చూశాడు. “ఎవురికీ చెప్పొద్దు సామీ,” అన్నాడు. చెప్పలేదు. మామూలు టైర్లకు కళ్ళు చాలు. గాడులు ఎంత అరిగాయో, పక్కలు ఎక్కడ పగిలాయో కనబడుతుంది. వేలు వత్తడం మాత్రం మానలేదు. కొనేవాళ్ళకు అది కావాలి.

చిక్కంతా స్లిక్ టైర్లతో వచ్చింది. అవి రేసు కార్లవి. గాడులు ఉండవు, గుండులాగా నున్నగా ఉంటాయి. చెన్నైలో డబ్బున్న జట్లు ఒక్క రేసుకే వాడి పారేస్తాయి. చెల్లప్పన్ వాటిని తెప్పించేది ఒక్కడి కోసం. పెద్ద బజారులో బట్టల అంగడి హరిహరన్‌కి ఒక చిన్న రేసు కారుంది. బైకు ఇంజను, ఇద్దరు పట్టే సీట్లు, నలుగురు పూనుకుంటే ఎత్తి పక్కన పెట్టొచ్చు. అంత తేలిక బండిని మలుపులో నేలకు అంటిపెట్టుకుని ఉంచేది ఆ రబ్బరు మెత్తదనమే. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ అది కొంచెం గట్టిపడుతుంది. తయారైన తేదీ టైరు పక్కన ఉంటుంది గానీ, ఎన్నిసార్లు కాగిందో ఎక్కడా రాసి ఉండదు. వేలికే తెలియాలి.

నాలుగు టైర్లు గురువారం వచ్చాయి. చెల్లప్పన్ వత్తి, కళ్ళు మూసుకుని, ఫోనులో “వెన్నే హరీ” అన్నాడు. నేను పలక మీదే ఉన్నాను. టీ గ్లాసులోకి చూశాను.

శనివారం పొద్దున హరిహరన్ వచ్చాడు. మర్నాడే రేసు. చెల్లప్పన్ భార్య రుక్మణి టీ తెచ్చి అతన్ని మాటల్లో పట్టుకుంది.

“ఏం అబ్బయా, నీ కారుకు తలుపుల్లేవు, కప్పు లేదు, టైర్లకు గాడులు కూడా లేవా?”

“బరువు తగ్గాల అత్తా.”

“అట్లయితే నువ్వు తగ్గు. కారునేంటికి చంపతావు?”

హరిహరన్ పొట్ట నిమురుకుంటూ నవ్వి, వంగి టైరు మీద గోరు దింపాడు. గోరు దిగింది. “నిజంగా వెన్నే మామా!” అని రెండు టైర్లు దొర్లించుకుపోయి వ్యానులో వేశాడు.

చెల్లప్పన్ టీ తాగలేదు. శుక్రవారం ఆ అంగడిలో ఒక ఆచారం ఉంది. పూజకు ముందు రుక్మణి డీజిలు గుడ్డతో టైర్లన్నీ తుడుస్తుంది, నల్లగా మెరవాలని. నిన్న స్లిక్కులనూ తుడిచింది. డీజిలు తాగిన రబ్బరు పైపైన మెత్తబడుతుంది. గోరు దిగింది ఆ పొరలోకే. లోపల ఏముందో ఆయనకూ తెలియదు.

మూడో టైరు గుమ్మం దాటుతుంటే లేచాడు.

“హరీ, ఆపు.” బ్లేడు తీసి టైరు మీద పలచని చెక్కు లేపాడు. “ఇప్పుడు వత్తు.”

హరిహరన్ వత్తాడు. మళ్ళీ వత్తాడు. గోరు వంగింది గానీ దిగలేదు.

“రాయి మాదిరి ఉండాది. ఏంది మామా, గురువారం నువ్వే కదా వెన్నంటివి?”

“అంటిని.” చెల్లప్పన్ తన బొటనవేలిని వేరెవరిదో చూసినట్టు చూశాడు. “దీనికి ఏమీ తెలియదు హరీ. రెండు దీపావళులు అయింది.”

రుక్మణి చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది.

“అట్లయితే మంగళ కారుకు పోయిన ఏడాది ఇచ్చిన టైర్లు?” అన్నాడు హరిహరన్. మంగళ అతని చెల్లెలు, రోజూ కదిర్కామం ఆసుపత్రికి డ్యూటీకి పోతుంది.

“కంటితో చూసిచ్చినా. బాగుండినాయి. అయినా, యాడన్నా ఇంకొకసారి చూపించుకో.”

హరిహరన్ వ్యానులోవి దించి గోడకు ఆనించాడు. ఫోను తీసి రేపు రావడం లేదని ఎవరికో చెప్పాడు. “వస్తా మామా” అన్నాడు, మొహం చూడకుండా. కోప్పడి ఉంటే బాగుండేది. సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. అతను చెప్పకపోయినా, అతని అంగడికి టీకి వచ్చేవాళ్ళు రేసు ఎందుకు మానావని అడుగుతారు.

“నేను తుడవకుండా ఉంటే...” అంది రుక్మణి.

“నువ్వు తుడవకున్నా అది చచ్చిందే. నేనే చెప్పలేకపోతిని.”

“నాకు కూడా చెప్పలేకపోతివా?”

చెల్లప్పన్ లేచి, బాగున్న కారు టైరు ఒకటి తెచ్చి, చెక్కు లేపిన స్లిక్కు పక్కన పెట్టి, ఆమెను పీట మీద కూర్చోబెట్టాడు.

“రెండూ వత్తు. ఏం తెలస్తా ఉంది?”

ఆమె కొంగుకు చెయ్యి తుడుచుకుని వత్తింది. “రెండూ రబ్బరేనయ్యా.”

“గోరు కాదు, వేలు. కండ్లు మూసుకో. బతికుండేది వేలిని ఎనక్కి తోస్తుంది, చూడు.”

మూసుకుంది. బయట బస్సు హారను, ఎండ. నా టీ చల్లారింది.

“లేదు,” అంది.

“మళ్ళీ వత్తు,” అన్నాడు.