బొట్టు తుడిచిన చేయి

తిరువళ్ళూరులో మేం రుమాళ్ళకు పూలు కుట్టే గదికి పెద్దగా ఒకావిడ ఉండేది. అందరం అక్కా అనేవాళ్ళం. మా రుమాళ్ళు ఓడెక్కి సీమదేశానికి పోయేవి. దిక్కులేని విధవలకు ఇంత కూడు దొరుకుతుందని అక్కడి దొరసానులు వాటిని ఏరికోరి కొనేవారట. అక్క ఎవరినీ గట్టిగా ఒక మాట అనేది కాదు. ఎవరైనా పస్తుతో వస్తే తన సద్ది పెట్టేది. ఏం చెప్పినా గడ్డం పట్టుకునే చెప్పేది.

కనకమ్మ సత్రం అనే పక్క ఊరి నుంచి ఒకామె మాతో పనికి వచ్చేది. రంగూన్ పోయిన మొగుడి జాడ తెలియక, చచ్చిపోయాడనుకుని ఊరివాళ్ళు ఆమె బొట్టు చెరిపారు. ఆంధ్ర విడిపోయిన మరుసటేడు అతను తిరిగొచ్చాడు. తెల్లారి ఆమె కుంకుమ పెట్టుకుని, కనకాంబరాలు తురుముకుని నవ్వుకుంటూ పనికి వచ్చింది. సీమలో కొనేవాళ్ళకు పంపడానికి ఏడాదికోసారి మమ్మల్ని ఫోటో తీసేది ఆ రోజే.

అక్క ఆమె గడ్డం పట్టుకుంది.

"బొట్టు తీసెయ్ మే. రొంతసేపే. ఫోటో అయినాక మళ్ళా పెట్టుకుందువు."

"అక్కా, నా మొగుడు బతికుండాడు!"

"నాకు తెలుసు. కొనేవాళ్ళకు తెలీకూడదు. బొట్టుండేదానికి ఈడ పని లేదు."

ఆమె కదల్లేదు. అక్కే కొంగు తడిపి, పసిబిడ్డ మూతి తుడిచినంత మెల్లగా ఆమె నుదురు తుడిచింది. ఫోటోలో అందరికంటే దిగులుగా ఆమే పడింది.

మరుసటేడు ఫోటో నాటికి ఆమె ఇంటి దగ్గరే నుదురు కడుక్కుని వచ్చింది. అక్క మురిసిపోయి, "తెలివంటే ఇదీ!" అని మాకందరికీ చూపించి, ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టింది.