బావ చెవులు, కొత్త లాప్‌టాప్

మా ఆయన నాకు మేనత్త కొడుకు. కడప నుంచి ఒంటిమిట్టకు పోయే దారిలో మాకు కార్ల షెడ్డు ఉంది. బానెట్ ఎత్తకముందే చప్పుడు విని బండి జబ్బు చెప్పేస్తాడని డ్రైవర్లలో బావకు పెద్ద పేరు. కొన్నాళ్లుగా ఆ చెవులే మొరాయిస్తున్నాయి. ఆ మాట ఎవరికీ చెప్పడు, నాకు కూడా చెప్పలేదు. టీవీ వీధి చివరిదాకా మోగుతుంటే నాకు తెలియదా? బండి దగ్గర తలూపి, "సాయంత్రం రాప్పా" అని పంపించేసి, ఆ తర్వాత ఒక్కో భాగమూ విప్పుకుంటూ కూర్చునేవాడు. సంగతి బయటపడితే షెడ్డుకు ఎవరూ రారని ఆయన బెంగ.

అందుకే, కారు జబ్బు తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్ కొందామని పట్టుబట్టాను. "నా చెవులుండగా అదెందుకే?" అన్నాడు. ఒళ్లు మండి, కొత్త లాప్‌టాప్‌తో, కారుకు తగిలించే కేబుల్‌తో సహా దాన్ని నేనే కొనేశాను.

ఒక ఆదివారం పొద్దున దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ముందు యాంటీవైరస్ ఆపాలి, లేకపోతే సగం ఫైళ్లు అదే మింగేస్తుంది. కేబుల్ కోసం ఇంకో చిన్న ప్రోగ్రామూ ఎక్కించాను. కేబుల్ ఒక కొస మా కారు స్టీరింగ్ కింద, రెండో కొస లాప్‌టాప్‌కు గుచ్చి, తాళం తిప్పాను. కేబుల్ దొరకలేదంది తెర. అంతా తీసేసి మళ్లీ ఎక్కించినా అదే పాట. అమ్మినవాణ్ణి నోరారా తిట్టుకున్నాక, ఎందుకో కేబుల్ పీకి చూశాను. మూతి లోపల పచ్చగా గంధం, దాని మీద కుంకుమ!

కొత్త పానా వస్తే బొట్టు పెట్టందే ముట్టుకోడు మా బావ. లాప్‌టాప్ మూత మీద పెట్టి ఊరుకోవచ్చు కదా?

"మూతి లోపల ఎందుకు పూసినావు బావా?"

"పని చేసేది అదే గదా!"

పడీపడీ నవ్వాను. పాత టూత్‌బ్రష్‌తో తోమి ఎండలో పెడితే, మా కడప ఎండకు చిటికెలో ఆరిపోయింది. ఈసారి లాప్‌టాప్ కారును గుర్తుపట్టింది.

అంతలో తెలిసిన డ్రైవరొకడు వణుకుతున్న బండిని తెచ్చి ఆపాడు. "ఏమైతాందో ఇని చెప్పన్నా," అన్నాడు. బావ అలవాటుగా ఇంజిన్ మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ఆ ముఖం నేను చూడలేకపోయాను. గబగబా కేబుల్ తెచ్చి ఆ బండికి తగిలించి, లాప్‌టాప్ ముందు స్టూలు మీద కూర్చున్నాను. ఇంజిన్‌లోని ఒక్కో సిలిండర్‌కు ఒకటి చొప్పున తెర మీద నాలుగు గీతలు లేచాయి. మూడు నిలకడగా ఉన్నాయి, ఒకటి ఎగిరెగిరి పడుతోంది. బావ వచ్చి నా వెనక నిలబడి దానివైపే చూశాడు.

"ఏమన్నా, ఇనపడ్తాండాదా?" అన్నాడు డ్రైవర్.

ఏదో ఒకటి సర్దిచెబుదామని నేను నోరు తెరిచాను. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"లేదప్పా. నాకు శానా దినాలుగా చెవులు సరిగా ఇనపడవు. ఉండు, ఈడ చూసి చెప్తా."

నా కళ్లు చెమ్మగిల్లాయి. అదేమీ పట్టించుకోకుండా, "జరగవే" అని నన్ను భుజంతో నెట్టి, స్టూలు మీద సగం చోటు తీసుకున్నాడు.