ఛీ కొట్టి నేర్పిన లెక్కలు

మా పెద్దమ్మ పోయిన కబురు నాకు చుట్టాల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పైన ఎవరో పెట్టిన శుభోదయం గులాబీ, కింద బనగానపల్లె చిన్నాయన పెట్టిన మామిడిపండ్ల ఫోటో, నడుమ ఆమె. నేను చూసేసరికే ఆ కబురుకు ఇద్దరు బొటనవేలు ఎత్తి ఉన్నారు. ఇంకొకరు రెండు చేతులూ జోడించి, అదే ఊపులో "పండ్లు మాగినవేనా?" అని అడిగారు. పాఠకులారా, దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసహ్యం. పెద్దమ్మ విషయంలో అదే సరైన వరుస. అసహ్యించుకోవడాన్ని అంత శ్రద్ధగా, పదిమందికి పనికొచ్చేలా సాధన చేసిన మనిషిని నేను ఇంకొకరిని ఎరగను.

ఆమె ప్రొద్దుటూరు సర్కారు బడిలో లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పి రిటైరయింది. పెదనాయనకు బట్టల అంగడి. ఆయన అంగడికి పోయాక పొద్దుపోక, ఈ కాలం పిల్లలు ఫోన్లో ఉచిత పాఠాలు చూస్తారట, అవెట్లుంటాయో చూద్దామని ఒకరోజు, ఇంజనీరింగు చదువుతూ సెలవులకు వచ్చిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తెర మీదికి ఒక కుర్రాడు వచ్చాడు. హాయ్ ఫ్రెండ్స్ అన్నాడు, లైకు అడిగాడు, బెల్లు నొక్కమన్నాడు, జుట్టు సర్దుకున్నాడు. చివరికి ఒక సూత్రం చెప్పి, ఎలా వచ్చిందని అడక్కండి, గుర్తుంటే చాలన్నాడు.

"ఛీ," అంది పెద్దమ్మ. "బెల్లు కొట్టేది బడిలో అటెండరు పని. వీడు పిల్లోళ్ళను కొట్టమంటాండాడు. ఎట్లొచ్చిందో తెలీకుండా సూత్రం బట్టీ పట్టేదంటే, ఇంకొకరు నమిలి ఉమ్మిందాన్ని ఏరుకోని తినేదే. రేయ్, నీ ఫోను ఈడియ్యి."

ఆ పూట నాకు అన్నం సహించలేదు. కానీ ఆ తర్వాత ఏ కొత్త సూత్రం కనపడినా నాలుక మీద ఆ ఎంగిలి గుర్తొచ్చి, అది ఎలా వచ్చిందో చూసుకుంటే గానీ మింగలేకపోయాను. ఇంజనీరింగు గట్టెక్కింది ఆ వికారం పుణ్యమే.

ఇక పాఠాలు తానే తీసి ఉచితంగా పెడతానంది. బోర్డు కొనిపెడతామంటే వద్దంది. మా వైపు ఇళ్ళల్లో నేలంతా కడప బండలే, నల్లగా, నున్నగా. అంతకన్నా మంచి నల్లబల్ల యాడుండాదని ఆమె వాదన. పైకప్పుకు ఉయ్యాల కట్టే కొక్కీకి తాడు వేసి, తాడుకు ఫోను కట్టి, కింద బండ మీద కూర్చుని సుద్దముక్క పట్టింది. ఫోనుకు తల ఎటో, కాళ్ళు ఎటో ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఇంజనీరింగు చదువుతున్న నాకు కూడా. మొదటి పాఠాలన్నీ తలకిందులుగా వెళ్ళాయి. చూసేవాళ్ళు ఫోను తిప్పితే, అది తెలివి ఉపయోగించి బొమ్మను మళ్ళీ తలకిందులు చేసేది. చివరికి ఎర్రగుంట్ల నుంచి ఒక సిమెంటు లారీ డ్రైవరు కూతురు కింద రాసింది: "మేడమ్, మంచం మీద ఎల్లకిలా పండుకోని తలకాయ కిందికి ఏలాడేసి చూస్తాండా. బాగా అర్థమయితాంది గానీ మెడ పట్టేసింది."

పెద్దమ్మ అది రెండుసార్లు చదివించుకుంది. "మెడ పట్టుకున్నా చూసిందంటే ఈ పిల్లకు చెప్పొచ్చు," అంది. మరునాడు ఫోను తిప్పి కట్టాం.

చూసేవాళ్ళకు ఆమె ముఖం ఎన్నడూ కనపడలేదు. పసుపు అంటిన ఒక చెయ్యి, మట్టిగాజులు, సుద్దముక్క, పైనుంచి వచ్చినట్టు గొంతు. ముఖం చూపించు పెద్దమ్మా అంటే, "నా మొగంలో ఏం నేర్చుకుంటారు, ముడతలా?" అనేది. వంటింట్లో కుక్కరు కూసినా, వీధిలో ఉప్పు బండి అరిచినా ఆపి మళ్ళీ తీసేది కాదు. ఆమ్లాలు క్షారాల పాఠంలో పసుపు మీద సబ్బునీళ్ళు పోసి, అది ఎర్రగా తిరగ్గానే, "చూడు, దీనికి రోషం ఉండాది. మీకే ల్యా," అని పిల్లలందరినీ కలిపి తిట్టింది.

ఆమె అసలు పద్ధతి వేరే ఉంది. ప్రతి పాఠంలో ఎక్కడో ఒకచోట కావాలనే తప్పు రాసేది. రాసి ఆగేది. చెయ్యి కదలదు, మాట రాదు. ఫోను చెడిపోయిందేమోనని చూసేవాళ్ళకు భయం వేసేంతసేపు అలాగే ఉండేది. తర్వాత పిడుగు పడేది.

"ఛీ! నేను తప్పు రాస్తాంటే చూస్తా కూచున్నావే! నోరు ల్యా నీకు?"

ఏ ప్లస్ బీ మొత్తం వర్గానికి ఏ వర్గం ప్లస్ బీ వర్గం అని రాసి, ఇలాగే ఆగి, ఇలాగే తిట్టి, తడిగుడ్డతో తుడిచి, బండ మీద పెద్ద చతురస్రం గీసింది. దాన్ని నాలుగు ముక్కలు చేసింది. "ఇది ఏ వర్గం, ఇది బీ వర్గం. మిగిలిన ఈ రెండు ముక్కలు ఎవరింట్లో పడేసొచ్చినావు?" ఆ రెండు ముక్కలే రెండు ఏబీ అని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటికి నా ఇంజనీరింగు అయిపోయింది.

ఒకరోజు పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చుంది. అంతే.

మూడో రోజుకు వీధి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. ఒక కోచింగు సెంటరు వాళ్ళు పెళ్ళి ఫోటోలోంచి ఆమె ముఖం కత్తిరించి, పక్కనున్న పెదనాయన చెవి సగం వదిలేసి, "విద్యాజ్యోతికి అశ్రునివాళి" అని రాయించారు. దాని కిందే, ఇంకా పెద్ద అక్షరాల్లో, "అడ్మిషన్లు జరుగుచున్నవి." బతికుండగా ఉత్తగా కూడా చూపించనన్న ముఖాన్ని చచ్చాక బేరానికి పెట్టారు.

పెద్దకర్మ రోజు ఆ సెంటరు మనిషే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని గొంతు, చేతిలో వడల ప్లేటు. పాఠాలు వాళ్ళ యాప్‌కు ఇచ్చేయాలట. ఇచ్చాక ఉచితంగా ఉన్నవి తీసేస్తారట, ఫీజు కట్టిన పిల్లలకే చూపిస్తారట.

"మేడమ్ గారి కంటెంటు బంగారమండీ. ఆ యాసా, ఆ ఛీలూ మాత్రం కొంచెం... గొంతు మేం మార్చేస్తాం. కంప్యూటరు గొంతు, తేనెలా ఉంటుంది."

పెదనాయన బండల వైపు చూస్తూ అన్నాడు. "గొంతు తీసేస్తే ఇంగేం మిగుల్తాదప్పా?"

"పేరు మిగులుతుందండీ."

పాఠాల ఖాతా ఉన్నది మా అక్క చేతిలో, అంటే పెద్దమ్మ కూతురి చేతిలో. ఏడ్చి ఏడ్చి అలసిపోయి ఉంది. "అమ్మ పేరు నిలబడతాది గదా నాయనా. ఇచ్చేద్దాం," అంది. నేను వద్దక్కా అన్నాను. "నీకేంరా, ఒక మాట చెప్పి నీ ఊరికి పోతావు. ఇవన్నీ ఎవరు చూసుకోవల్ల?" అంది.

ఆ మనిషి ఉత్సాహంగా తన ఫోను తీశాడు. నమూనా ముందే చేసి తెచ్చాడు, ఎవరినీ అడక్కుండానే. తెర మీద పెద్దమ్మ చెయ్యి. వెనక వేణువు. తేనె గొంతు. ఏ ప్లస్ బీ మొత్తం వర్గం ఈజ్ ఈక్వల్ టు ఏ వర్గం ప్లస్ బీ వర్గం, అంది ఆ గొంతు ముద్దుముద్దుగా. నిశ్శబ్దం కత్తిరించేశారు. తిట్టు కత్తిరించేశారు. తిట్టుతోపాటు తుడిచిన ముక్కా పోయింది. తప్పు తప్పుగానే నిలబడి ఉంది, చుట్టూ పూలు రాలుతున్నాయి, "గుర్తుంచుకోండి పిల్లలూ" అని కింద మెరుస్తోంది.

నేను నోరు తెరిచేలోపే పక్కనుంచి పిడుగు పడింది.

"ఛీ! తప్పు చెప్తాంటే చూస్తా కూచున్నామే! నోరు ల్యా మనకు?"

అక్కే. వంటవాళ్ళు కూడా గరిటెలు ఆపి తొంగి చూశారు.

"చిన్న ఎడిటింగు పొరపాటండీ, సరిచేసేస్తాం," అన్నాడతను.

"ఏమప్పా, మా యమ్మ నోట తప్పు పెట్టి, దానికి పిల్లనగోవి ఊదుతాండావా? ఉచితంగా ఉండేవి ఉచితంగానే ఉంటాయి. గొంతు గూడా ఉంటాది."

పెదనాయన మర్యాదస్థుడు. "వడ తిన్నావు గదప్పా," అన్నాడు. "ఇంగ బయల్దేరు."

ఆ సాయంత్రం అక్క పెద్దమ్మ ఫోను తెరిచింది. అందులో ఇంకా పెట్టని ఒక పాఠం ఉంది, వేసవిలో తీసింది. దాన్ని ఎక్కడా కత్తిరించకుండా, ఉన్నది ఉన్నట్టు పెట్టేసింది. ఎవరైనా చూడొచ్చు, ఊరికే.

చెయ్యి కుంభాకార కటకం గీస్తుంది. ఎడమనుంచి ఒక కిరణం గీసుకుంటూ వచ్చి కటకాన్ని తాకిస్తుంది. "ఇప్పుడు ఇది యాడికి పోతాది?" అంటుంది. ఇంతలో పైన మిద్దె మీద టపటపా చినుకులు. "అయ్యో, వడియాలు!" చెయ్యి మాయమవుతుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. దూరంగా, మబ్బుతో కొట్లాడుతున్న గొంతు: "ఇప్పుడే రావల్లనా నీకు? ఇన్ని దినాలు యాడికి పోయింటివి?"

ఆ తర్వాత బండ ఒక్కటే. కిరణం కటకం దాకా వచ్చి ఆగి ఉంటుంది. సుద్దముక్క మెల్లగా దొర్లి తెర అంచుకు పోతుంది. వాన పడుతూనే ఉంటుంది.